నడినెత్తిన నీడ

తెలుగునాట గ్రీష్మం కఠినమైన ఋతువు. పగలంతా వడగాలి వీస్తుంది. పొద్దుగుంకిన తరువాత వీధిలో గాలి చల్లబడినా, ఇంటిలోపలి ఉక్క మాత్రం తగ్గదు. అర్ధరాత్రి దాకా పంకా తిరిగినా వేడిగాలినే విసురుతుంది. ఈ తాపానికి ప్రధాన కారణం ఎవరూ అంతగా పట్టించుకోని ఇంటికప్పు.

మే నెల రెండవ వారం ప్రాంతంలో హైదరాబాదులో మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ కిరణాలు గోడలను అంతగా తాకవు. కప్పు మీద మాత్రం నిటారుగా పడతాయి. కాంక్రీటు ఆ ఎండలో అధికభాగాన్ని పీల్చుకొంటుంది. పీల్చుకొన్న వేడి వెంటనే లోనికి దిగదు. కొన్ని గంటలపాటు కప్పు మందంలో మెల్లగా ప్రయాణించి, సాయంకాలానికి అడుగుభాగాన్ని చేరి, గదిలోకి ప్రసరిస్తుంది. పగటి ఎండ రాత్రివేళ ఇంటిలోకి వచ్చే విధం ఇది.

పూర్వులు ఈ సమస్యను తమ అనుభవంతో ఎదుర్కొన్నారు. తాటాకు పూరిండ్లలో ఆకుల పొరల నడుమ చిక్కుకొన్న గాలి వేడిని అడ్డుకొనేది. పెంకుటిండ్లలో సామాను దాచుకొనే అటక, కప్పుకూ గదికీ మధ్య గాలిపొరగా నిలిచి చల్లదనాన్ని కాపాడేది. రాయలసీమ మిద్దెలపై పరచిన దళసరి మట్టి అదే పని చేసేది. కాంక్రీటు కప్పు దృఢత్వాన్ని ఇచ్చింది కాని, ఈ గుణాన్ని ఇవ్వలేదు. రేకుల ఇండ్ల స్థితి మరీ దయనీయం. పలుచని రేకు ఎండ తగిలిన కొద్దిసేపటికే కాగిపోతుంది.

నివారణోపాయాలు మూడు విధాలు. ఎండను తిప్పికొట్టడం మొదటిది. కప్పుపై తెల్లసున్నం గాని, పరావర్తన శక్తి గల తెల్లరంగు గాని పూస్తే ఎండలో చాలాభాగం వెనుకకు మరలుతుంది. వేడి దిగకుండా అడ్డుకోవడం రెండవది. కప్పుపై ఇటుకముక్కలు, సున్నం కలిపి పరచడం, లోపల గాలిపొర ఉండేటట్లు మరొక పైకప్పు అమర్చడం ఈ కోవకు చెందుతాయి. పందిరి, తీగలు, కుండీలతో నీడ కల్పించడం మూడవది.

వీటి ఫలితాలు పరీక్షకు నిలిచాయి. 2017లో హైదరాబాదులోని పేదల ఇండ్లలో 25 కప్పులపై తెల్లని పొర పరచి పరిశీలించగా, లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. అంతకుముందు, 2012లో వెలువడిన మరొక పరిశోధన ప్రకారం, ఇదే నగరంలోని వాణిజ్య భవనాల కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే శీతలీకరణ విద్యుత్తులో 10 నుండి 19 శాతం ఆదా అవుతుంది.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. కప్పులో పగుళ్లుంటే ముందుగా పూడ్చాలి. దుమ్ము పేరుకొంటే తెలుపు తన శక్తిని కోల్పోతుంది; కనుక ఏటేటా కడగాలి. కుండీల బరువును కప్పు మోయగలదో లేదో తెలిసికోవాలి. బహుళ అంతస్తుల భవనంలో ఈ ప్రయోజనం ముఖ్యంగా పై అంతస్తుకే అందుతుంది.

ఏ.సి. ఉన్న ఇంటికి ఇది కరెంటు బిల్లు సమస్య. లేని ఇంటికి ప్రాణసమస్య. 2015 వేసవిలో దేశంలో వడగాలులకు రెండువేలమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. పైగా ఏ.సి. ఒక గదిని చల్లబరుస్తూ, ఆ వేడిని వీధిలోకి నెడుతుంది. తెల్లని కప్పు ఎవరికీ వేడిని పంచదు. ఈ దృష్టితోనే తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను ఆ విధంగా మార్చాలని లక్ష్యంగా పెట్టుకొంది.

లక్ష్యం ఎంత పెద్దదైనా, పని ప్రారంభం కావలసింది ఒక్కొక్క డాబా మీదనే. వేసవికి ముందు ఒక ఆదివారం, ఒక బక్కెట్టు సున్నం, ఒక కుంచె ఉంటే చాలు. ఆ ఇంటి నడినెత్తిన ఎండ తీవ్రత అంతమేరకు తగ్గుతుంది.