పేరులోనే సల్ఫేట్!

కండిషనర్ సీసా వెనక సన్నటి అక్షరాల్లో ‘బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్’ అని కనిపించగానే, సల్ఫేట్ వద్దనుకునేవాళ్లు సీసాను మళ్లీ అరలో పెట్టేస్తారు. నోరు తిరగని ఈ పేరు చుట్టూ అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: ఇది షాంపూలోని సల్ఫేట్‌కు తోబుట్టువే. జుట్టును పొడిబారుస్తుంది.
వాస్తవం: సోడియం లారిల్ సల్ఫేట్‌లో జిడ్డు వదిలించే భాగానికి రుణావేశం ఉంటుంది. ఇక్కడ పనిచేసే భాగానిది ధనావేశం. మెథోసల్ఫేట్ ఆ ఆవేశానికి జోడీగా ఉండే అయాన్ మాత్రమే. జిడ్డు వదిలించడం దాని పని కాదు.

అపోహ: ఎలాగూ కడిగేస్తాం, ఇక జుట్టుకు మిగిలేదేముంది?
వాస్తవం: తడి వెంట్రుక మీద రుణావేశం ఉంటుంది. బ్లీచ్‌తో దెబ్బతిన్నచోట మరీ ఎక్కువ. ధనావేశమున్న కొస అక్కడ అతుక్కుంటే, 22 కార్బన్ల కొవ్వు గొలుసు పైన పరుచుకుంటుంది. ఆ పలచటి పొర కడిగినా కొంత నిలుస్తుంది. రాపిడి తగ్గి దువ్వెన సులువుగా జారుతుంది. షాంపూ మిగిలిపోతే ఈ ధనావేశం వెంట్రుకకు బదులు దాని రుణావేశానికే అతుక్కుంటుంది. అందుకే షాంపూను పూర్తిగా కడిగాకే కండిషనర్ రాయాలి.

అపోహ: పక్కనే సెటియరిల్ ఆల్కహాల్ అని కూడా ఉంది. అది జుట్టును ఎండగొడుతుంది.
వాస్తవం: అది స్పిరిట్ లాంటిది కాదు, మైనంలా ఉండే కొవ్వు ఆల్కహాల్. కండిషనర్‌కు చిక్కదనం, జుట్టుకు మెత్తదనం ఇస్తుంది.

అపోహ: కండిషనర్ రాస్తే జుట్టు ఊడుతుంది.
వాస్తవం: రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. రాసేటప్పుడు చేతికొచ్చేవి చాలావరకు అప్పటికే ఊడి చిక్కుల్లో ఇరుక్కున్నవి.

అపోహ: ఆవజాతి మొక్క నూనె నుంచి వచ్చేదే కదా, ఎంత వాడినా ఫర్వాలేదు.
వాస్తవం: కొవ్వు గొలుసు సాధారణంగా రేప్‌సీడ్ అనే ఆ మొక్క నూనెదే, కానీ ఈ పదార్థం తయారయ్యేది ఫ్యాక్టరీలో. గాఢంగా ఉంటే కళ్లను, చర్మాన్ని మండిస్తుంది. దీనికి దగ్గరి బంధువైన బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్‌కు యూరోపియన్ యూనియన్ పరిమితి పెట్టింది: తలకు రాసి కడిగేసేవాటిలో 5 శాతం, కడగకుండా వదిలేసేవాటిలో 3 శాతం. అంటే భద్రత ఉన్నది మోతాదులో. కండిషనర్‌ను జుట్టు పొడవునా రాసి, బాగా కడగండి. దురద పుడితే ఆపేసి చర్మవైద్యుణ్ని కలవండి.

చెట్టు నుంచి వచ్చిందంతా చల్లగా ఉంటుందనుకునేవారు, చిన్నప్పుడు కుంకుడు రసం కళ్లలో పడిన ఆదివారాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.