ఇనుమే తిండి, తుప్పే మిగులు

పొలం గట్టు పక్కన ఊటనీరు నిలిచినచోట ఒక్కోసారి కిరోసిన్ ఒలికినట్టు రంగురంగుల పొర తేలుతుంది. పుల్లతో కదిపి చూడండి. నూనె అయితే చెదిరి మళ్లీ కలుసుకుంటుంది. పెంకుల్లా విరిగి ముక్కలుగానే ఉండిపోతే, అది ఇనుముతో బతికే బ్యాక్టీరియా పని కావచ్చు.

భూమి లోపల గాలి ఆడని చోట ఇనుము నీటిలో కరిగి కంటికి కనపడదు. అందుకే కొన్ని బోర్ల నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి ఎర్రబారతాయి. ఆక్సిజన్ తగిలి ఇనుము తుప్పుగా మారుతుందన్నమాట. గాలియొనెల్లా అనే బ్యాక్టీరియాకు ఈ మార్పే జీవనాధారం. ఇనుము నుంచి ఎలక్ట్రాన్‌ను లాగి ఆక్సిజన్‌కు అందిస్తుంది, ఆ బేరంలో దక్కే శక్తితో బతుకుతుంది. ఇలా బతికే జీవులున్నాయని 1888లోనే రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ప్రతిపాదించాడు.

అయితే ఈ బేరంలో గిట్టుబాటు బహు తక్కువ. పిసరంత పెరగాలన్నా బోలెడు ఇనుమును తుప్పు చేయాల్సిందే. ఆ తుప్పును గాలియొనెల్లా పురిపెట్టిన దారంలాంటి కాడగా పేనుతుంది. లెప్టోథ్రిక్స్ అనే మరో రకం తన చుట్టూ గొట్టంలా తొడుక్కుంటుంది. ఇదంతా పైపులో పేరుకుంటే జిగట, దుర్వాసన, మోటారుకు చేటు. అదే ఇసుక ఫిల్టర్లో పేరుకుంటే మనకు మేలు.

నీటికి కొద్దిగా గాలి పట్టించి ఇసుక గుండా పంపితే, ఈ జీవులు రేణువులకు అంటుకుని ఇనుమును అక్కడే ఆపేస్తాయి. గాలి మరీ ఎక్కువైతే ఇనుము తనంతట తానే తుప్పుపట్టి, వీటికి తిండి మిగలదు. మామూలు తుప్పు దూదిలా ఉబ్బి ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది. ఇవి చేసే తుప్పు చిక్కగా అణిగి ఉంటుంది కాబట్టి ఫిల్టర్ ఎక్కువకాలం నడుస్తుంది, రసాయనాల ఖర్చూ తగ్గుతుంది.

తుప్పుకు ఆర్సెనిక్‌ను పట్టి ఉంచే గుణం కూడా ఉంది. బెంగాల్ భూగర్భజలాల్లోని విషం ఈ ఆర్సెనికే. ఆ విషం చేరిన మడ్డిని మాత్రం ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు. అయితే నల్లగొండ భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్‌కు ఈ ఫిల్టర్ మందు కాదు. రోగక్రిములను చంపడానికి చివర్లో క్లోరిన్ కలపాల్సిందే.

కొత్త ఫిల్టర్ కుదురుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కడిగేటప్పుడు క్లోరిన్ నీళ్లు వాడరు, పూర్తిగా తోమెయ్యరు. పెరుగు గిన్నెలో రేపటికి తోడు మిగుల్చుకున్నట్టు, ఇసుకలో ఈ జీవులున్న తుప్పు కాస్త మిగల్చాలి.