ర్యామ్ ఖాళీగానే ఉంది, మరి కెమెరా ఎందుకు ఓపెన్ కాలే?

సెట్టింగ్స్‌లో చూస్తే 500 ఎంబీ ర్యామ్ ఖాళీ. అయినా పాత ఫోన్‌లో కెమెరా నొక్కితే ఒక్కోసారి తెరుచుకోదు. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు. అందులో ఒకటి ఇవాళ చెప్తా: ఫ్రాగ్మెంటేషన్.

మా ఆర్మూర్ వైపు పసుపు సీజన్‌లో కళ్లం చూసినోళ్లకు ఇది ఈజీ. ఉడకబెట్టిన పసుపు ఆరబోయాలి. ఒక రైతు సరుకు ఒక్క చోటే ఉండాలి, లేకుంటే పక్కోళ్ల దాంట్లో కలుస్తది. అక్కడో గజం, ఇక్కడో గజం ఖాళీ ఉంటది. అన్నీ కలిపితే బోలెడు జాగా, కానీ ట్రాలీ పసుపు పోసే చోటు మాత్రం ఉండదు.

ఆండ్రాయిడ్ కింద ఉండే లినక్స్ కర్నెల్‌కూ ఇదే లొల్లి. చాలా ఫోన్లలో అది ర్యామ్‌ను 4 కేబీ పేజీలుగా చూస్తది. బడ్డీ పద్ధతిలో 4, 8, 16 అలా రెట్టింపవుతూ మామూలుగా 4 ఎంబీ దాకా ముక్కలు పెట్టుకుంటది. చిన్నది కావాలంటే పెద్దదాన్ని సగానికి కోస్తది. పక్కపక్క జంట రెండూ ఖాళీ అయితేనే మళ్లీ కలుపుతది. ఒక్కటి ఖాళీ కాకున్నా కలపలేదు. ఐడియా కొత్తదేం కాదు, 1965లోనే నోల్టన్ పేపర్ రాశాడు.

మరి జరిపేస్తే అయిపోదా? యాప్‌ల పేజీలను జరపొచ్చు. యాప్‌కూ అసలు ర్యామ్‌కూ మధ్య పేజ్ టేబుల్ ఉంటది. డేటా కాపీ చేసి, టేబుల్‌లో అడ్రస్ మారిస్తే యాప్‌కు తెలియనే తెలియదు. కర్నెల్ సొంత పేజీలు చాలావరకు అట్ల కదలవు, వాటి అడ్రస్ నేరుగా పట్టుకుని కూర్చున్న పాయింటర్లు ఎన్నో. కళ్లం మధ్యలో పాతిన రాయి అనుకోండి.

అందుకే 2008లో వచ్చిన 2.6.24 వెర్షన్ నుంచి కదిలేవి ఒక దిక్కు, కదలనివి ఒక దిక్కు పెట్టడం మొదలైంది. 2010లో, 2.6.35లో, కదిలేవాటిని ఒక పక్కకు సర్దే కంపాక్షన్ వచ్చింది. 2012లో సీఎంఏ వచ్చింది. కొన్ని కెమెరా హార్డ్‌వేర్‌లకు ఒకే వరసలో పెద్ద జాగా కావాలి కదా, అది బూట్ అయ్యేటప్పుడే పక్కన పెడతది. కెమెరా వాడనప్పుడు కదిలే పేజీలకు అప్పిస్తది, అవసరమైతే ఖాళీ చేయిస్తది. అందులో ఏ పేజీ అయినా కదలకుండా ఇరుక్కుంటే మాత్రం కెమెరాకు జాగా దొరకదు.

ర్యామ్ క్లీనర్ యాప్‌లు యాప్‌లను చంపుతాయి, అంకె పెరుగుతది, గంతే. పాతిన రాయిని అవి తీయలేవు. మీరు మళ్లీ అదే యాప్ తెరిస్తే మొదటి నుంచి లోడ్, బ్యాటరీ ఖర్చు. స్టోరేజ్‌ను ర్యామ్‌గా చూపించే ఫీచర్ కూడా ఇక్కడ మందు కాదు. ఫోన్ రీస్టార్ట్ చేయడం నయం, కళ్లం మొత్తం ఊడ్చినట్టు.

లినక్స్ ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు టెర్మినల్‌లో క్యాట్, స్పేస్, స్లాష్ ప్రాక్ స్లాష్ బడ్డీఇన్ఫో కొట్టండి. ఎడమ నుంచి కుడికి ముక్క సైజు పెరుగుతది. కుడి చివర సున్నాలు కనిపిస్తే కామెంట్‌లో పెట్టండి, చూద్దాం.