మినీ ట్రాక్టరు గేర్ ఆయిల్: అపోహలు – వాస్తవాలు

మినీ ట్రాక్టరు గేర్‌బాక్సులో పోసే ఆయిల్ గేర్ల కోసమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా మోడళ్లలో గేర్లు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ లిఫ్టు, ఆయిల్ బ్రేకులు అన్నిటికీ అదే ఆయిల్. చిక్కగా ఉంటే చాలని ఏదో ఒక గేర్ ఆయిల్ పోస్తే లిఫ్టు బద్ధకిస్తుంది, బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటుంది. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకంలో రాసిన రకమే పోయాలి.

గేర్‌బాక్సులో డీజిల్ పోసి కాసేపు ఇంజను నడిపితే లోపలంతా శుభ్రపడుతుందన్నది వీటన్నిటిలో ఖరీదైన అపోహ. డీజిల్‌కు ఆయిల్‌లా రాపిడిని ఆపే శక్తి లేదు. ఆ కాసేపట్లోనే హైడ్రాలిక్ పంపు అరగడం మొదలవుతుంది. పైగా డ్రెయిన్ బోల్టు విప్పినా డీజిల్ పూర్తిగా బయటికి రాదు. యాక్సిల్ గొట్టాల్లో, లిఫ్టు సిలిండరులో, పైపుల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరుకు లోపల కడిగే అవసరం ఎక్కువే, కానీ డీజిల్‌తో కాదు. సీళ్ల గుండా నీరు చేరితే ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారుతుంది. ఒక్కసారి మారిస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే, లోపల మిగిలిన తెల్లటి ఆయిల్ కొత్తదాన్నీ పాడుచేస్తుంది. ముందు నీరు ఎటు నుంచి వస్తోందో పట్టుకోవాలి: యాక్సిల్ సీలు, గేరు రాడ్ల రబ్బరు తొడుగులు, గాలి ఆడే బ్రీథర్ చూడాలి. తర్వాత బండిని కాస్త వేడెక్కించి, ఉన్న డ్రెయిన్ బోల్టులన్నీ విప్పి ఆయిల్ వంపాలి. అదే రకం కొత్త ఆయిల్ పోసి, బరువు లేకుండా నడిపి, లిఫ్టును పలుమార్లు లేపి దించి, మళ్లీ వంపాలి. తెలుపు పోయేదాకా ఇలాగే చేయాలి. ఖర్చే, కానీ బేరింగులు, పంపు మార్చడం కంటే తక్కువ.

ఫిల్టరును కడిగి వాడొచ్చన్నది సగమే నిజం. ఇనుప జాలీని కడగవచ్చు, కాగితం ఫిల్టరును మార్చాల్సిందే. అయస్కాంతపు బోల్టుకు సన్నటి బూడిదరంగు ముద్ద అంటుకుంటే భయపడనక్కర్లేదు. చేతికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే గేరు పళ్లు, బేరింగులు చూపించాలి. కొత్త ట్రాక్టరుకు ఇప్పట్లో ఆయిల్ మార్చే పనిలేదనుకోవడం కూడా సరికాదు. తొలి అరుగుదల పొడి ఎక్కువ కాబట్టి, చాలా మోడళ్లకు మొదటి 50 గంటల సర్వీసులోనే మార్పు ఉంటుంది.

నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తే మేలన్నదీ అపోహే. మట్టం మించితే ఆయిల్ నురగెత్తి, వేడెక్కి, సీళ్ల దగ్గర కారుతుంది. పోశాక ఇంజను కొద్దిసేపు నడిపి, లిఫ్టు ఆడించాలి. చదునైన నేల మీద లిఫ్టు దించి, ఇంజను ఆపి, ఆయిల్ అడుగుకు దిగాక కొలపుల్లతో చూసి, తగ్గినంతే పోయాలి. వంపిన పాత ఆయిల్‌ను కాలువలో పారబోయకుండా, డబ్బాకెత్తి పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వాలి.