బడికి ఓటుంది, విశ్వవిద్యాలయానికి లేదు

2024 ఆగస్టు 8న మన ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడుల్లో ఎన్నికలు జరిగాయి. పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులను పిల్లల తల్లిదండ్రులే ఎన్నుకున్నారు. మా నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో సముద్రం ఒడ్డునున్న ఒక పాలెం బడికి నేనూ వెళ్లి చూశాను. మగవాళ్లు చాలామంది చీకటితోనే వేటకు వెళ్లిపోయారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు, తరగతికి ముగ్గురు చొప్పున పేర్లు చెప్పుకున్నారు, చేతులెత్తి ఎన్నుకున్నారు. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు కావాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2024లోనే డిసెంబరు 14న సాగునీటి సంఘాలకూ ఎన్నికలు జరిగాయి. కాలవ కింద ఎకరం ఉన్న రైతుకు కూడా అక్కడ ఓటుంది.

ఆ బడి కమిటీకి ఎన్నికైన ఒక తల్లి కూతురు కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ చదువుతోంది. నేను డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి సందేహం వస్తే నా దగ్గరికే వస్తుంది. “పెద్దమ్మా, ఐదో తరగతి వరకే ఉన్న బడిలో మా అమ్మకు ఓటుంది. నేను పీజీ చదవతా ఉండాను. మా యూనివర్సిటీని నడిపేవాళ్లను ఎన్నుకోడానికి నాకెందుకు లేదు? నాకు లేకపోతే పోయింది, మా సార్లకైనా ఉందా?” అని అడిగింది.

సార్లకూ లేదు. ఆ సంగతి చదువుకున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకుముందు మన జిల్లా కాలేజీలన్నీ తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. కావలి పీజీ సెంటరు కూడా దానిదే. సింహపురి అయినా, తిరుపతి అయినా, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ అయినా ఇవాళ నడిచేది 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద. ఆ చట్టం ప్రకారం పెత్తనమంతా పాలకమండలి చేతిలో ఉంటుంది. బడ్జెట్టు ఆమోదించాలన్నా, అధ్యాపకులను నియమించాలన్నా, ఆస్తుల వ్యవహారం చూడాలన్నా అక్కడే జరగాలి. వైస్ చాన్సలర్ దానికి అధ్యక్షత వహిస్తారు. ఉన్నత విద్య, ఆర్థిక శాఖల అధికారులు హోదా రీత్యా సభ్యులు. ప్రిన్సిపాళ్లు, ప్రొఫెసర్లు, మిగతా అధ్యాపకులు, సమాజంలో పేరున్నవాళ్లు కొందరు కూడా సభ్యులుగా ఉంటారు. కానీ వాళ్లందరినీ మూడేళ్ల కాలానికి ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. మండలిలో అధ్యాపకుడు ఉంటాడు గానీ అధ్యాపకులు పంపిన మనిషి ఉండడు. తనను పంపనివాళ్లకు ఆయన జవాబు చెప్పాల్సిన పనీ లేదు. విద్యార్థులు ఎన్నుకున్న సభ్యుడి మాటే చట్టంలో లేదు.

మొదటినుంచీ ఇలా లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైనప్పుడు దానికి సెనేట్ అనే పెద్ద సభ ఉండేది. పట్టభద్రులు తమ పేర్లు నమోదు చేయించుకుని అందులోకి ప్రతినిధులను పంపేవాళ్లు. వైస్ చాన్సలర్‌ను ఎన్నుకునే అధికారం కూడా ఆ సెనేట్‌దే. తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో పదవి వదిలేశారు. మరుసటి ఏడు ఆ పదవికి ఎన్నికైనవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన ఇంటిపేరు వెంకటాచలం మండలంలోని సర్వేపల్లి నుంచి వచ్చింది. సింహపురి విశ్వవిద్యాలయం ఉన్న కాకుటూరూ అదే మండలం. సర్వేపల్లి పేరు మోసిన మనిషి ఓట్లతో వైస్ చాన్సలర్ కాగలిగిన రోజులు పరాయి పాలనలో ఉన్నాయి. ఇప్పుడు ఒక సెర్చ్ కమిటీ మూడు పేర్లు సూచిస్తే, చాన్సలర్ హోదాలో గవర్నర్ ఒకరిని నియమిస్తారు. ఈ మార్పు ముందడుగని నేను అనుకోను.

ఎన్నికలు ఉన్నచోట అవి ఎలా జరుగుతాయో చూద్దాం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కార్యనిర్వాహక మండలికి ఇద్దరిని, అకడమిక్ కౌన్సిల్‌కు 26 మందిని అధ్యాపకులే ఓటేసి పంపుతారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కౌన్సిల్‌నే తీసుకోండి. కాలేజీల అధిపతుల నుంచి నలుగురు, ప్రొఫెసర్లు, రీడర్ల నుంచి నలుగురు, మిగతా బోధన, పాలనా సిబ్బంది నుంచి ఎనిమిది మంది, విద్యార్థుల నుంచి ముగ్గురు ఎన్నికై వస్తారు. బయటివాళ్లు నలుగురే. వాళ్లు కావాలని పెట్టుకున్నవాళ్లు. లోపలివాళ్లకు అలవాటై కనిపించకుండా పోయిన తప్పు బయటివాళ్ల కళ్లకు కనిపిస్తుందని.

ఓటర్లను ఇలా వర్గాలుగా విడదీయడానికి కారణముంది. అందరినీ ఒకే జాబితాలో వేస్తే వేలల్లో ఉన్న విద్యార్థుల ముందు వందల్లో ఉన్న అధ్యాపకులు, వాళ్ల ముందు ఆఫీసు సిబ్బంది లెక్కకు రారు. అందుకని ఎవరి సీట్లు వాళ్లకు ముందే కేటాయిస్తారు. ఓటర్ల జాబితా ప్రకటిస్తారు, పేరు లేనివాళ్లు అభ్యంతరం చెప్పుకోడానికి గడువిస్తారు. అభ్యర్థిని ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. తర్వాత రహస్య ఓటింగ్. విద్యార్థి సభ్యులకు ఒక హద్దు ఉంటుంది. ఫలానా ఉద్యోగి పదోన్నతి, ఫలానా విద్యార్థి మార్కులు చర్చకు వచ్చినప్పుడు వాళ్లు బయటికి వెళ్లాలి. ఫీజులు, హాస్టళ్లు, గ్రంథాలయం, బడ్జెట్టు విషయాల్లో మాత్రం అందరితో సమానంగా మాట్లాడతారు, ఓటేస్తారు.

ఓట్ల లెక్కింపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, అసలు కిటుకు అక్కడుంది. మన జిల్లా పట్టభద్రులకు అది కొత్త కాదు. 2023 మార్చి 13న తూర్పు రాయలసీమ పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాలకు శాసనమండలి ఎన్నికలు జరిగాయి. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు పాత జిల్లాలు కలిపి ఒక నియోజకవర్గం. నేనూ ఓటేశాను. పోలింగ్ గదిలో పొడవాటి కాగితం, ఊదారంగు స్కెచ్ పెన్ను ఇస్తారు. సొంత పెన్ను వాడకూడదు. బాగా నచ్చిన పేరుకెదురుగా 1 అంకె వేయాలి. తర్వాత ఇష్టమైతే 2, 3 వేసుకుంటూ పోవచ్చు. టిక్కు పెట్టినా, అక్షరాల్లో ‘ఒకటి’ అని రాసినా, సంతకం చేసినా ఓటు చెల్లదు. ఆ ఎన్నికల్లో డిగ్రీలు చదివినవాళ్ల ఓట్లే వేల సంఖ్యలో చెల్లకుండా పోయాయి. ఎలా వేయాలో చెప్పేవాళ్లు లేకపోవడమే కారణం. చివరికి పట్టభద్రుల స్థానంలో కంచర్ల శ్రీకాంత్, ఉపాధ్యాయుల స్థానంలో పర్వతరెడ్డి చంద్రశేఖర్ రెడ్డి గెలిచారు.

అక్కడున్నది ఒక్క సీటు కాబట్టి చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ రావాలి. విశ్వవిద్యాలయ సభల్లో ఒకే వర్గానికి మూడు, నాలుగు సీట్లుంటాయి, అందుకని లెక్క మారుతుంది. మూడు సీట్లు, చెల్లిన ఓట్లు 120 అనుకుందాం. సీట్ల సంఖ్యకు ఒకటి కలిపితే నాలుగు. 120ని నాలుగుతో భాగిస్తే 30, దానికి ఒకటి కలిపితే 31. అదే కోటా. 31 అందుకున్నవాళ్లు గెలిచినట్టే. ఎందుకంటే 31 చొప్పున నలుగురికి రావాలంటే 124 కావాలి, ఉన్నది 120. ఒకరికి మొదటి ప్రాధాన్యంలోనే 41 వచ్చాయనుకోండి. అవసరానికి మించిన 10 ఓట్ల విలువను, ఆయనకు ఓటేసినవాళ్లు రెండో అంకె ఎవరికి వేశారో చూసి ఆ దామాషాలో పంచుతారు. అప్పటికీ సీట్లు నిండకపోతే అందరికంటే తక్కువ వచ్చిన మనిషిని పోటీ నుంచి తీసేసి, ఆ కాగితాల్లో తర్వాతి అంకె ఉన్నవాళ్లకు బదిలీ చేస్తారు. సీట్లన్నీ నిండేదాకా ఇదే వరస.

దీనివల్ల కలిగే లాభం ఒక్కటే, అయితే అది పెద్దది. మామూలు పద్ధతిలో 120లో 61 మంది ఒక జట్టు కడితే మూడు సీట్లూ వాళ్లవే. మిగిలిన 59 మంది ఓటు వేసి కూడా మాట లేనివాళ్లవుతారు. ఈ పద్ధతిలో 31 మంది గట్టిగా నిలబడితే ఒక సీటు వాళ్లకు దక్కి తీరుతుంది. కులం, ప్రాంతం, శాఖ పేరిట గుంపులు కట్టే మన కాలేజీలకు ఇలాంటి పద్ధతే కావాలి. చిన్న శాఖలో పనిచేసే మనిషికీ, ఒంటరిగా నిలబడే మహిళా అధ్యాపకురాలికీ ఇది ఆసరా.

ఇక విద్యార్థులు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. గొడవలు, కొట్లాటలు జరిగిన మాట నిజమే. ఆ తర్వాత దేశం ఆ సమస్యకు ఒక దారి కనుక్కుంది. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో నాయకత్వంలో కమిటీ వేశారు, దాని సిఫార్సులను అమలు చేయాలని 2006 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అభ్యర్థి ఖర్చు రూ.5,000 దాటకూడదు. 75 శాతం హాజరుండాలి. పోటీచేసే ఏడాది సబ్జెక్టులు తప్పి ఉండకూడదు. నేరచరిత్ర ఉండకూడదు. అచ్చు పోస్టర్లు వేయకూడదు. పదవికి ఒక్కసారే పోటీ చేయాలి. నామినేషన్ల నుంచి ఫలితాల దాకా పది రోజుల్లో ముగించాలి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతున్నాయి. అక్కడ ఓటేసేవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. గచ్చిబౌలిలో చదివితే ఓటుకు పనికొచ్చిన పిల్ల కాకుటూరులో చదివితే ఎందుకు పనికిరాదు? పద్దెనిమిదేళ్లు నిండితే ముఖ్యమంత్రిని నిర్ణయించే ఓటు ఇస్తున్నాం కదా!

ఎన్నికలు పెడితే రాజకీయాలు వస్తాయని నాతో పనిచేసినవాళ్లే అంటారు. రాజకీయాలు ఇప్పుడు లేవా? 2024లో ప్రభుత్వం మారాక రాష్ట్రంలో వైస్ చాన్సలర్లు వరసగా రాజీనామాలు చేశారు. నామినేషన్ చేతిలో ఉన్న ప్రభుత్వం తనకు నచ్చినవాళ్లను వేసుకుంటుంది, ఏ పార్టీ అయినా అంతే. ఎన్నికైన సభ్యుడు ఇద్దరో ముగ్గురో ఉంటే కనీసం వాళ్ల పదవి సచివాలయం మీద ఆధారపడదు. లోపల ఏం జరిగిందో బయటికొచ్చి చెప్పాల్సిన బాధ్యతా వాళ్లకుంటుంది. పాలకమండలి మొత్తాన్ని ఎన్నికలతో నింపాలని నేనడగడం లేదు. అధికారులుండాలి, నిపుణులుండాలి. వాళ్ల పక్కన అధ్యాపకులు ఎన్నుకున్న ఇద్దరికి, బోధనేతర సిబ్బంది ఎన్నుకున్న ఒకరికి, విద్యార్థులు ఎన్నుకున్న ఇద్దరికి కుర్చీలు వేస్తే చాలు.

దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 1991 చట్టంలో పాలకమండలి కూర్పు చెప్పే సెక్షన్‌ను శాసనసభ, శాసనమండలి సవరిస్తే సరిపోతుంది. ఆ శాసనమండలికి సభ్యులను పంపేవాళ్లలో విశ్వవిద్యాలయ అధ్యాపకులూ, దాని పట్టభద్రులూ ఉన్నారు. కాకుటూరులో పాఠం చెప్పే లెక్చరరు రాష్ట్ర శాసనమండలికి ప్రతినిధిని ఎన్నుకోగలడు గానీ తన పాలకమండలికి ఎన్నుకోలేడు.

ఎమ్మెల్సీ పదవీకాలం ఆరేళ్లు, కాబట్టి మన నియోజకవర్గాలకు మళ్లీ ఎన్నికలు 2029లో వస్తాయి. డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండినవాళ్లు పట్టభద్రుల ఓటరుగా పేరు నమోదు చేయించుకోండి. ఈ జాబితాకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, మామూలు ఓటరు కార్డు ఉంటే చాలదు. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ ఒక్క మాట అడగండి: విశ్వవిద్యాలయాల చట్టానికి సవరణ ప్రతిపాదిస్తారా, లేదా? అవునన్నవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.