పండగ వారిది, గుడ్డల ఖర్చు వీరిది

భరతుడు అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పాడు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఏటా కాలేజీలో ఈ పాఠం చెప్పేటప్పుడు ఆహార్యం దగ్గరకి రాగానే కిరీటం, భుజకీర్తులు, ముఖానికి రంగు అంటూ వేసుకునే వస్తువులన్నీ ఏకరువు పెడతాను. విప్పడమే ప్రధానమైన ఆహార్యం ఒకటి లోకంలో పుట్టబోతున్నదని పాపం ఆ మహాముని ఊహించి వుండడు. అమెరికాలోని స్ట్రిప్ క్లబ్బుల్లో వున్నది అదే. అప్పుడే ముఖం చిట్లించి పేజీ తిప్పెయ్యకండి! నేను చెప్పబోయేది గుడ్డలు విప్పడం గురించి కాదు, కొనడం గురించి. పిల్లలున్న ఇంట్లో పైకి చదువుకోవచ్చు.

ఆ క్లబ్బులకు కూడా పండగలున్నాయి సుమండీ. అక్టోబరు 31న హాలోవీన్ వస్తే గుమ్మడికాయ దీపాలు పెట్టి, మంత్రగత్తె మొదలు నల్లపిల్లి దాకా వేషాలు కట్టిస్తారు. డిసెంబరులో శాంతాక్లాజు ఎర్రటోపీ, తెల్లబొచ్చు అంచు. మార్చి 17 సెయింట్ పాట్రిక్ దినానికి ఆకుపచ్చ, జూలై 4 స్వాతంత్ర్య దినానికి జెండా రంగులు. ఇంటివాళ్ళంతా ఒకచోట చేరే రోజున ఇల్లు లేనివాడో, ఇంటికి దూరమైనవాడో వచ్చి కూర్చుంటాడు. వాడికీ పండగ కళ కనిపించాలి గనక ఈ హంగు.

ఈ హంగుకి డబ్బు ఎవరు పెడతారు? గోడమీద తోరణం యజమానిది. ఒంటిమీద వేషం మాత్రం చాలాచోట్ల నర్తకిదే. అనేక క్లబ్బుల్లో ఆమె జీతానికి కుదిరిన మనిషి కాదు. కాగితాల మీద స్వతంత్ర కాంట్రాక్టరు. అందుచేత ఆ రాత్రి పని చేసుకోనిచ్చినందుకు క్లబ్బుకే ఎదురు రుసుము చెల్లిస్తుంది. దాన్ని 'హౌస్ ఫీ' అంటారు. ఆమెకు వచ్చేది చూసేవాళ్ళిచ్చే టిప్పులే. ఇక బూట్లు, సవరం, ముఖానికి రంగు, పండగ వేషం అన్నీ స్వంత ఖర్చు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నమాట! పైగా శాంతాక్లాజు గుడ్డ జనవరిలో ఎందుకు పనికొస్తుంది?

మనలో పండక్కి పనివాళ్ళకు గుడ్డలు పెట్టడం ఆచారం. పెట్టనివాణ్ణి ఊళ్ళో పిసినిగొట్టంటారు. పండగ యజమాని చెయ్యడం, కొత్తగుడ్డలు పనిమనిషే కొనుక్కోవడం అన్నది మా అమ్మమ్మ వింటే నవ్విపోయేది.

ఈ సంగతి ఈనాటిది కాదు. 1930 దశకంలో న్యూయార్కు బర్లెస్క్ రంగస్థలం మీద జిప్సీ రోజ్ లీ అనే ఆవిడ మహా ప్రసిద్ధురాలు. ఒక్కొక్క గుండుసూదీ తీస్తూ, మధ్యమధ్య మాటలతో నవ్విస్తూ, విప్పినదానికన్నా విప్పుతానని ఊరించిందే ఎక్కువట! 1937లో నగరపాలకులు లైసెన్సులు నిరాకరించి ఆ నాటకశాలలను మూయించారు. 1960లో చికాగోలో ప్లేబాయ్ క్లబ్బు వెలిసింది. అది స్ట్రిప్ క్లబ్బు కాదు. కుందేలు చెవులు, తోక పెట్టుకున్న అమ్మాయిలు పానీయాలందించే చోటు. 1963లో గ్లోరియా స్టైనెమ్ అనే పత్రికా రచయిత్రి మారుపేరుతో న్యూయార్కు క్లబ్బులో ఉద్యోగానికి చేరి, చూసింది చూసినట్లు రాసింది. వారానికి 200 నుంచి 300 డాలర్ల సంపాదన అని ప్రకటన. తీరా చేరాక, ఆ బిగుతు దుస్తుల ఉతుకుబడికీ, మరమ్మతుకీ రోజుకి రెండున్నర డాలర్లు అమ్మాయిలే కట్టాలి! ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది ఈ చిన్న లెక్కే.

ఎంతకాలమని సహిస్తారు? శాన్‌ఫ్రాన్సిస్కోలోని 'లస్టీ లేడీ' నర్తకులు 1996లో యూనియన్‌కి ఓటు వేసి, మరుసటి ఏడు యాజమాన్యంతో ఒప్పందం రాయించుకున్నారు. 2003లో ఆ క్లబ్బును తామే కొని సహకార సంఘంగా నడిపారు. 2013లో అది మూతపడింది. 2018లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, సరుకులు చేరవేసే డ్రైవర్ల వ్యాజ్యంలో, కాంట్రాక్టరని పేరు పెట్టినంత మాత్రాన పనివాడు కాంట్రాక్టరు అయిపోడని తేల్చింది. ఆ తీర్పు నర్తకులకూ అక్కరకొచ్చింది.

అసలు ముచ్చట లాస్ ఏంజలిస్‌లో జరిగింది. నార్త్ హాలీవుడ్ పేటలోని 'స్టార్ గార్డెన్' నర్తకులు 2022 మార్చిలో తమకు రక్షణ లేదని సంతకాలు చేసి అర్జీ ఇచ్చారు. తాకట్లేదు, అనుమతి లేకుండా ఫొటోలు తియ్యట్లేదు అని చూసే నాథుడు లేడని వారి ఫిర్యాదు. తలుపులు మూసుకున్నాయి. అప్పుడు వాళ్ళు క్లబ్బు ముందు వీధిలోనే పికెటింగుకి దిగారు. ఎలా దిగారనుకున్నారు? వేషాలు కట్టి! ఒక రాత్రికి ఒక వేషం, మరో రాత్రికి మరొకటి. లోపల గిరాకీ కోసం కట్టిన వేషాన్ని బయట గిరాకీని ఆపడానికి కట్టారు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు, విషయమేమిటని అడిగేవారు. ఉత్త అట్టముక్క పట్టుకుని నిలబడితే ఎవరాగుతారు చెప్పండి?

నెలల తరబడి సాగిందీ వీధి భాగోతం. 1913లో పుట్టిన నటీనటుల సంఘం, 'యాక్టర్స్ ఈక్విటీ', వారిని తమ సభ్యులుగా చేర్చుకోవడానికి ముందుకొచ్చింది. రంగస్థలం మీద నిలబడేవారందరూ ఒక్కటేనని ఆ సంఘంవారి వాదన. సంప్రదాయ కళాకారులు కొందరు నొసలు ముడిచే వుంటారు. మన దగ్గరైతే ఎంత గొడవయ్యేదో! 2023 మేలో ఓట్లు లెక్కపెట్టారు. యూనియన్‌కి అనుకూలంగా 17, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఆ ఆగస్టులో క్లబ్బు తిరిగి తెరిచారు. వీధిలో నిలబడ్డ నర్తకులు లోపలికి వెళ్ళారు.