పొరుగువారి కోసం పాడిన రట్స్

యానాం అగ్రహారంలో కూర్చున్న మనకు లండన్ కుర్రవాళ్ళ కచేరీలతో పని ఏమిటని పాఠకులు అడగవచ్చు. ఈ కథలో మన దేశస్థులున్నారు గనుక చెబుతున్నాము.

పంక్ సంగీతం పొంగిన 1977లో రట్స్ అనే రాక్ బృందం పుట్టినది. మాల్కం ఓవెన్ గాయకుడు. గిటారు పాల్ ఫాక్స్, బేస్ సెగ్స్ జెన్నింగ్స్, డ్రమ్ములు డేవ్ రఫీ. వీరి మొదటి రికార్డును 1979లో తెచ్చినది సౌతాల్‌లోని మిస్టీ ఇన్ రూట్స్ అనే రెగే బృందంవారి సంస్థ. సౌతాల్ అంటే పంజాబీ కుటుంబాలు స్థిరపడిన పేట.

ఆ ఏప్రిల్ 23న, వలస వచ్చినవారిని వెళ్ళగొట్టాలనే నేషనల్ ఫ్రంట్ అక్కడ సభ పెట్టినది. పేటవాసులు ఎదిరించారు. బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు తలకు దెబ్బ తగిలి మరణించాడు. మిస్టీ మేనేజరు క్లారెన్స్ బేకర్ తలకు తీవ్రగాయమైనది. ఆ గాయాన్నే రట్స్ 'జా వార్' పాటగా కట్టారు. వారి 'బాబిలన్స్ బర్నింగ్' బ్రిటన్‌లో 7వ స్థానానికి ఎక్కినది.

అయితే ఓవెన్‌ను హెరాయిన్ బలిగొన్నది. మొదటి రికార్డు రెండవ వైపున ఆ మత్తును గూర్చి హెచ్చరించినవాడు తానే! 1980 జూలై 14న మరణించాడు. మిగిలిన ముగ్గురూ 'రట్స్ డి.సి.' అయినారు. ఆ రెండక్షరాలకు అర్థం, మళ్ళీ మొదటినుండి ఎత్తుకోవడం. 2007లో ఫాక్స్ పోయినా, తరువాత తక్కిన ఇద్దరూ ఆ పేరుతోనే పాడారు.

పొరుగువాడి గాయం చూసి తలుపు మూసుకోనివారిని లోకం మరువదు. పిల్లలకు ఆ మాట చెప్పేటప్పుడు హెరాయిన్ సంగతి కూడా దాచకుండా చెబుదాము.